కోటు మాట, కుర్మయ్య మాట

కోపమొస్తే కుర్మయ్య మాట్లాడడు, పళ్ళు కొరుకుతాడు. ఆ ఆదివారం నల్లమల అడవిలో, జలపాతానికి దిగే దారిలో వాన దంచి కొడుతుంటే, అతను అడుగడుగుకీ పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. ఒక చేతిలో గోవర్ధన్ గొడుగు, ఇంకో చేతిలో గోవర్ధన్ తెచ్చిన టిఫిన్ డబ్బా. గోవర్ధన్ మాత్రం చేతులూపుకుంటూ ముందు నడుస్తున్నాడు.

ఇద్దరిదీ విమానాశ్రయం దగ్గరి మంఖాల్ ఊరే. చిన్నప్పుడు ఊరి వెనక కంచెల్లో, ఆ మేత బీళ్ళలో కలిసి గొర్లు కాసినవాళ్ళు. గోవర్ధన్ ప్లాట్ల బేరాల్లోకి పోయి కారు కొన్నాడు. కుర్మయ్య మాత్రం అరవై గొర్లతో అక్కడే ఉండిపోయాడు. చివరికి కంచెలన్నీ ప్లాట్లయి, వాటి చుట్టూ గోడలు లేచాయి. "ఇగ ఏడ మేపుతవ్? అమ్మెయ్యి. నీకేం ఎరుక, నేను చెప్పింది ఇను" అని గోవర్ధనే గొర్లను అమ్మించాడు. ఎవరితోనో మాట్లాడి విమానాశ్రయంలో ట్రాలీల పని ఇప్పించాడు. మేలే చేశాడు, కాదనడానికి లేదు. కానీ చేసినవాడు ఊరుకున్నాడా? పదకొండేళ్ళుగా ఏ మాటకైనా "నీకేం ఎరుక" అంటూనే ఉన్నాడు.

జనం పార్కింగులో ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, పాతిక కలిపి తోసుకుపోవడం కుర్మయ్య ఉద్యోగం. వానలోనూ తోయాలి కనుక వెండి పట్టీలున్న పసుపుపచ్చ రెయిన్‌కోటు ఒకటి ఇచ్చారు. "ఏయ్, ట్రాలీ" అని పిలిచినవాళ్ళు వేలమంది, పేరడిగినవాడు ఒక్కడూ లేడు. గొర్లు నయం, కనీసం గొంతు గుర్తుపట్టేవి.

ఆ రోజు ఒంటిమీద ఉన్నదీ ఆ కోటే. "డ్యూటీ కోటేస్కొచ్చినవ్ ఏందిరా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని కారెక్కేటప్పుడే గోవర్ధన్ విసుక్కున్నాడు. వేరే కోటుంటే కదా.

జలపాతం కింద మడుగులో ఇరవై మంది దాకా కేరింతలు కొడుతున్నారు. గోవర్ధన్ ప్యాంటు మడిచి, పిక్కల్లోతు నీళ్ళలో నాలుగడుగులు వేసి, ఒక బల్లపరుపు బండ ఎక్కి నిలబడ్డాడు.

కుర్మయ్య చూపు మాత్రం నీళ్ళ మీద ఉంది. వచ్చినప్పుడు తెల్లగా ఉన్న నీళ్ళు ఛాయ్ రంగుకు తిరిగాయి. ఎండుటాకులు, బెరడు ముక్కలు కొట్టుకొస్తున్నాయి. ఒక పుల్లను పట్టుకుని చీమలు గుంపుగా పోతున్నాయి. మందను వాగు దాటించే ముందు రంగు చూడాలని, ఆకు కనబడితే వెనకే వరద ఉంటుందని వాళ్ళ బాపు చెప్పేవాడు. ఒక్కసారి చూడకుండా దాటించి పదకొండు గొర్రెపిల్లల్ని పోగొట్టుకున్న మనిషి చెప్పిన మాట అది.

"గోవర్ధనా, బయటికి రా. పైనుంచి నీళ్ళొస్తున్నయ్."

"నీళ్ళు పైకెల్లి గాక కిందికెల్లి వస్తయారా? నీకేం ఎరుక. జర ఫోటో తియ్."

కుర్మయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. మంద మొత్తం తలెత్తే ఈల అది. మడుగులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు, పసుపు కోటు చూశారు. "ఫారెస్టాయన పిలుస్తున్నాడు, రండి రండి" అన్నారెవరో. మారుమాట లేకుండా పిల్లాజెల్లా అందరూ ఒడ్డెక్కారు.

గోవర్ధన్ ఒక్కడే మిగిలాడు. అతనికి ఆ కోటు సంగతి తెలుసు కదా. "పెద్ద ఆఫీసర్‌వి అయినవ్ రా" అని బండ మీద నిలబడి నవ్వుతున్నాడు.

ఆ నవ్వుతో కుర్మయ్యకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా పడేసి నీళ్ళలోకి దిగాడు. మొండి గొర్రెను బతిమాలరు, వెనక కాలు పట్టి ఈడుస్తారు. గొడుగు తిరగేసి, దాని వంపు పిడిని గోవర్ధన్ మడమకు తగిలించి ఒక్క గుంజు గుంజాడు. గోవర్ధన్ వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. లేవనివ్వకుండా కాలు పట్టుకుని రాళ్ళమీదుగా ఒడ్డుకు లాక్కొచ్చాడు. తిట్లు తింటూనే లాగాడు, ఒడ్డుకొచ్చాక కూడా ఆపకుండా గట్టు పైదాకా లాగాడు.

గోవర్ధన్ లేచి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. పైనుంచి ఎర్రటి నీళ్ళు కొమ్మలతో, మొద్దులతో విరుచుకుపడ్డాయి. బండ మునిగింది. కింద పడిన గొడుగు, ఒడ్డున విడిచిన చెప్పులు అన్నీ కొట్టుకుపోయాయి. డబ్బా ఒక్కటి రాళ్ళ సందులో ఇరుక్కుని మిగిలింది.

అప్పుడు నోరు విప్పాడు కుర్మయ్య. "ముక్కు మొకం ఎరుగనోళ్ళు ఇరవై మంది నా కోటు చూసి ఒడ్డెక్కిండ్రు. నలభై ఏండ్ల సంది నన్ను చూస్తున్నవ్, నువ్వు ఎక్కలే. పోతే నీ పెండ్లాం పిల్లలకు నేనేం మొకం చూపియ్యాలె? గొర్లు అమ్ముకున్న గని తెలివి అమ్ముకోలే రా నేను."

 గోవర్ధన్ మోచేతులు గీరుకుపోయి నెత్తురు కారుతోంది, దవడలు టకటక కొట్టుకుంటున్నాయి. కుర్మయ్య కోటు విప్పి అతని మీదికి విసిరాడు. ప్రేమగా కాదు, కోపంగానే విసిరాడు. "తొడుక్కో, సలికి సస్తవ్."

పైకెక్కుతుంటే సగం దారిలో ఒక జంట ఎదురైంది. ఇద్దరూ పసుపు కోటు దగ్గర ఆగారు. "సార్, కిందికి వెళ్ళొచ్చా?"

గోవర్ధన్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. తెరిచి, పక్కన తడిసి ముద్దైన చొక్కాతో పళ్ళు కొరుకుతున్న మనిషిని చూశాడు. డబ్బా ఇప్పుడు గోవర్ధన్ చేతిలో ఉంది.

"నన్నడగకుండ్రి అమ్మా, గాయన్ని అడుగుండ్రి. నీళ్ళ సంగతి గాయనకే ఎరుక."

"పోవద్దు" అన్నాడు కుర్మయ్య, కోపం తగ్గకుండానే.

వాళ్ళు వెనక్కి తిరిగారు.