నామినీ గడిలో ప్రభువు పేరు

నేను రిటైరవడానికి ఇంకా నలభై రోజులున్నాయనగా, మేడ్చల్‌లోని మా మాత్రల ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక పాత కాగితం బయటపడింది. పసుపు రంగుకు తిరిగి, మడతల దగ్గర చిరిగిపోయింది. చేతిరాత మాత్రం నాదే. నామినీ పేరు అన్న చోట "ప్రభువు" అని ఉంది. బంధుత్వం: తండ్రి. చిరునామా: పరలోకం.

హెచ్.ఆర్. మేడమ్ కళ్లద్దాలు తీసి, పైట కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆమెది కోస్తా వైపు. పేట్ బషీరాబాద్‌లో కొత్త కాలనీలో ఉంటుంది. ఎవరినీ నొప్పించని మనిషి.

"ఏంటమ్మా ఇది? వయసు దగ్గర గీత గీసి వదిలేశారేంటండీ?"

"ఆయినకు వయసు లేదు కద మేడం," అన్నాను.

నేను వెటకారం ఆడలేదు. ఇరవై రెండేళ్ల వయసులో, బాప్తిస్మం తీసుకున్న వారానికే నేను ప్యాకింగ్ పనిలో చేరాను. అప్పటి గుమాస్తా ఫారం ముందు పెట్టి, "నీకేమన్న అయితే నీ పైసలు ఎవరికి పోవాలె?" అని అడిగాడు. నాకు పెళ్లి కాలేదు. అమ్మానాన్న లేరు. నాకున్నదంతా ఎవరిదో ఆ వారం నాకు చాలా స్పష్టంగా తెలుసు. అదే రాశాను. గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టాడు. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. ఆ కాగితాన్ని మళ్లీ ఎవరూ అడగలేదు, నాకూ గుర్తు రాలేదు.

"అంటే మీ కుటుంబం వివరాలు అసలు రికార్డులోనే లేవన్నమాట," అంది మేడమ్. "పెన్షన్ ఫారానికి భార్యాభర్తల జంట ఫోటో కావాలి. బీమా కార్డులో మీవారి పేరు ఎక్కాలంటే ముందు ఇక్కడ ఉండాలి. మీరు దిగిపోయేలోపు చేయించుకోండి. తర్వాతైతే తిరగలేక చస్తారు."

నాకు కావలసింది ఆ కార్డే. రిటైరైన వాళ్లు ఏడాదికి కొద్దిపాటి రుసుము కడితే, మొగుడూ పెళ్లాం ఇద్దరికీ బీమా దవాఖానలో వైద్యం, మందులు దొరుకుతాయి. మా ఆయన సూరారంలో ఆటో నడుపుతాడు. నిరుడు ఆయన గుండెలో స్టెంట్ వేశారు. నెలనెలా మందులు కొనాలి. నా జీతం ఆగిపోతే ఆ మందులు ఎట్లా అన్నదే నా భయం.

మరి ఇన్నాళ్లూ ఆయన పేరు ఎందుకు ఎక్కించలేదు? ఆయనే ఎక్కించనివ్వలేదు. స్టెంట్ పడేదాకా ఆ అవసరమే రాలేదు, పడ్డాక ఫారం ఇంటికి తెచ్చాను. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"డిపెండెంటు అని ఉన్నదేందే గీడ? నేనా? నీకా? పెండ్లాం కార్డు మీద గోలీలు మింగాల్నా నేను?"

"గట్ల గాదయ్యా, అందరికీ గదే రాస్తరు."

"అందరికి రాయనీ. నా ఆటో నడుస్తాంది, నా గోలీలు నేను కొనుక్కుంట."

నేను సంగతిని శుక్రవారం స్త్రీల ప్రార్థనలో పెట్టాను. పాస్టరమ్మ తన నోటు పుస్తకంలో "సహోదరుని కఠిన హృదయము కొరకు" అని రాసుకుంది. ఎవరు మోశారో, అది ఆయన చెవిన పడింది.

"నా గుండె అంత గట్టిగుంటే డాక్టరు పైపు ఎందుకు ఏసిండే?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పాత కాగితం బయటపడిన రోజే ఆఫీసులో నాకు ఇంకో శిక్ష కూడా పడింది. వాడుకోని సెలవులకు డబ్బిస్తారు కదా, నాకు చాలా మిగిలి ఉంటాయని లెక్క వేసుకున్నాను. మేడమ్ కంప్యూటర్ వైపు చూస్తూ, "మీకు ప్రతి ఏడూ ఫిబ్రవరిలోనే మూడు రోజులు జ్వరం వస్తుందాండీ?" అంది.

అది జ్వరం కాదు. శామీర్‌పేట దగ్గర మైదానంలో మా చర్చి సంఘాలన్నీ కలిసి జరుపుకునే ఉజ్జీవ కూటాలు, అంటే మూడు రోజుల ప్రార్థన సభలు. సూపర్‌వైజర్ "కూటాలని రాస్తే సెలవియ్యరమ్మా" అని జ్వరమని రాసేవాడు. నేను సంతకం చేసేదాన్ని. పిల్లలకు ఆదివారం బడిలో అబద్ధమాడవద్దని చెప్పే మనిషిని, ఇన్నేళ్లు జ్వరం మీద సంతకాలు పెట్టి, పందిరి కింద గొంతెత్తి పాటలు పాడాను! నిజం చెప్పేశాను. మేడమ్ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. జ్వరాలు పోగా మిగిలిన సెలవులు నేను అనుకున్నవాటిలో సగం కూడా లేవు.

సాయంత్రం ఆ పాత కాగితం జిరాక్స్ పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆయన గేటు ముందు ఆటో అద్దం తుడుస్తున్నాడు. చేతికిచ్చాను. ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు.

"మన పెండ్లయ్యి ముప్పై మూడేండ్లాయె."

"అవు."

"ఇన్నేండ్లు నీకేమన్న అయితే పైసలు గాయినకు పోవాల్నా?"

నేను టిఫిన్ డబ్బా ఆటో సీటు మీద పెట్టాను.

"ఆయినకేం తక్కువైందే? లోకం మొత్తం ఆయినదే అంటవ్ కద! నేనేమైపోవాలె?"

"నీ పేరు రాస్తనంటే నువ్వే వద్దంటివి."

"గది డిపెండెంటు. గిది నామినీ. రెండొకటేనా?"

"ఒక్క ఫారంల్నే ఉన్నయి రెండు. ఒకటి రాస్తే ఇంకోటి రాయాలె."

అది నిజమే. ఫిబ్రవరి జ్వరాల తర్వాత నాకు అబద్ధమంటేనే వణుకు పట్టుకుంది.

ఆయన అద్దాన్ని అరిగిపోయేటంత తుడిచాడు. మరునాడు పొద్దున గడ్డం గీసుకుని, పండుగ చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"జల్దీ నడు. ఫోటో యాడ దిగాలె?"

శుక్రవారం కూడే స్త్రీలంతా ఉపవాసముండి చేసిన ప్రార్థన చేయలేని పని, ఆ జిరాక్స్ చేసింది. కాదు, ప్రార్థనే ఆ కాగితాన్ని బయటికి లాగింది. నేను అట్లాగే నమ్ముతాను.

కానీ ఇప్పుడు చిక్కు నాకు వచ్చిపడింది. ప్రభువు పేరు కొట్టేసి మొగుడి పేరు రాయాలి. నా చేత్తో నేను ఆయనను ఎట్లా కొట్టేసేది? ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యను అడిగాను. ఆయన నవ్వి నవ్వి ప్రసంగ వేదిక పట్టుకున్నాడు.

"అక్కా, ప్రభువు నీ పీఎఫ్ కోసం ఎదురుసూస్తుండా? ముందుగాల ఇంటోళ్ల సంగతి సూడాలని ఆదివారం బడిల పిల్లలకు నువ్వే చెప్తివి కద."

తలూపాను గానీ, మేడమ్ ముందు కూర్చున్నాక పెన్ను కదల్లేదు. జంట ఫోటో బల్ల మీద ఉంది. అందులో మా ఆయన ఛాతీ విరుచుకుని ఉన్నాడు, నేను దోషిలా ఉన్నాను.

"ఏమైందండీ?"

"ఆయిన పేరు కొట్టెయ్యాలంటే చేతులు వస్తలేవు మేడం."

"కొట్టేయక్కర్లేదమ్మా. పాత కాగితం ఫైల్లో అట్లాగే ఉంటుంది. కొత్తది దాని మీద పెడతాం, అంతే."

అప్పుడు రాశాను. భర్త అన్న మాట అంత గుండ్రంగా ఎన్నడూ రాయలేదు.

నేను దిగిపోయిన రెండు వారాలకు కార్డు వచ్చింది. రుసుము కట్టి, ఆయన ఆటోలోనే ఇద్దరం బీమా దవాఖానకు వెళ్లాం. మందుల కిటికీ దగ్గర మా వెనక పది మందైనా ఉన్నారు. లోపలి మనిషి కార్డు తిప్పి చూసి, ఆయనను అడిగాడు.

"కార్డు ఆమెది. నువ్వేమైతవ్?"

ఆయన నన్ను చూశాడు. వెనక్కి తిరిగి లైనును చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"డిపెండెంటును," అన్నాడు, చర్చిలో ఆమెన్ చెప్పినంత గట్టిగా.

మందుల సంచి అందుకుని ఆటో దగ్గరికి నడుస్తుండగా మెల్లగా అడిగాడు.

"ఫైల్ల పైన కాగితంల నా పేరే ఉన్నది కద?"

"నీదే."

"కింద?"

"కింద ఆయినది."

నేను ఆటోలో కూర్చున్నాక సంచిని నా ఒళ్లో పెట్టి, ఆటో స్టార్ట్ చేశాడు.

"సరే తియ్. కిందుండి మోయనీ."