చిల్లు పడితే మంచిదే

ఆ రోజు పాడేరు షెడ్డులో ఉన్నవి: అడుగు రేకు తుప్పుపట్టిన మా నాన్న జీపు, వెల్డింగ్ మెషీను, మేస్త్రి, డిప్లొమా చదివిన నేను. శుక్రవారం సంతకు జనాన్ని ఎక్కించుకెళ్లలేకపోతే నాన్న జీపును తుక్కుకు అమ్మేస్తానన్నాడు. అందుకే వెల్డింగ్ నేర్చుకుంటూ నేనే అతకబోయాను. రేకు పల్చన, రాడ్డు ఆనించిన చోటల్లా చిల్లు పడింది. పడినప్పుడల్లా మేస్త్రి "మంచిదే" అనేవాడు. అతుకు నిలిస్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు.

"ఎగతాళా మేస్త్రీ?" అన్నాను.

"ఏటి ఎగతాళి, గుంటడా? వాన నీళ్లు నిలబడే కదా తుప్పట్టింది. ఆటిని పోనీ."

"మరి కింద నుంచి బురద రాదా?"

"వత్తాది," అన్నాడు, అంతే నిదానంగా.

తర్వాత కొన్ని చిల్లులు తనే పూడ్చాడు, కొన్ని వదిలేశాడు. ఏ లెక్కనో నాకిప్పటికీ అర్థం కాలేదు. శుక్రవారం జీపు సంతకు వెళ్లింది. అడుగు రేకులో చిల్లులు ఏడు.