దొర నన్ను బావా అన్న రోజు

ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు ఫుట్‌బాలు ఆడే కుర్రవాడికి పిల్లనివ్వడానికి జనం వెనకాడేవారంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. జనం తప్పేమీ లేదు. మోకాళ్ళు చీరుకుపోయి, గోళ్ళు ఊడిపోయి (మైదానం నిండా పలకరాళ్ళ ముక్కలు, మావేమో వట్టి కాళ్ళు) కుంటుకుంటూ ఇల్లు చేరేవాణ్ణి చూసి ఎవరు మాత్రం మురిసిపోతారు? మా నాయన అసలే మురిసిపోయే మనిషి కాదు. "ఒకసారి వచ్చి చూస్తా. మనిషి చేసే పనే అయితే ఆడుకో. కాదంటే తెల్లారేసరికి చేలో ఉండాల" అని తేల్చి చెప్పాడు. ఆయన చూడవచ్చిన ఆట గిద్దలూరు వాళ్ళతో పడింది. నా కర్మ.

గిద్దలూరు జట్టులో ఒక తెల్లదొర ఉండేవాడు. రైలు కట్ట చూసుకోవడానికి ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన పడుచు ఇంజనీరు. మా తాలూకాల లీగులో ముందువరసన ఆడిన పరదేశి ఆయనొక్కడే. బూట్లేసుకుని గుర్రంలా పరుగెత్తేవాడు. అయినా మొదటి ఏడు ఒక్క గోలు కొడితే ఒట్టు. కారణం, ఆయనకు ఎవరూ బంతి ఇచ్చేవారు కాదు. జట్టులో మిగిలినవాళ్ళంతా ఆయన కిందనే పనిచేసే రైల్వే కూలీలు. ఆయన "పాస్! పాస్!" అని గొంతు చించుకుంటుంటే, "దొరకు మనం పాసిచ్చేదేంది, ఆయనే గదా మనకు రైలు పాసియ్యాల" అని బిత్తరపోయేవారట. పైగా బంతి తగిలి దొర పడితే కొలువు పోతుందని భయం.

రెండో ఏటికి ఆయన తెలుగు నేర్చాడు. నేర్చింది రెండే మాటలు. పట్టాల మీద ఆయన ట్రాలీ నెట్టే మనుషులు బీడీ కోసం ఒకళ్ళనొకళ్ళు "బావా, ఇటియ్యి" అనుకోవడం విని, తెలుగులో పాస్ అంటే ఇదే కాబోలు అనుకున్నాడు. అంతే! దొర బావా అని పిలిస్తే ఎవరి ప్రాణం ఆగుతుంది? బంతులు వరసకట్టి ఆయన కాళ్ళ దగ్గరకు పోయాయి. గోల్స్ వాన కురిసింది. ఆ వానంతా ఎదుటి జట్ల నెత్తినే.

నేను బ్యాకు ఆడేవాణ్ణి. మా జట్టులో ఎడమవైపు ఆడేవాడు నాకంటే ఏడాది చిన్న, క్రైస్తవుల పాలెం కుర్రాడు. పరుగు చూసి అంతా 'గాలి' అనేవాళ్ళం. అతనికి నేను బంతి ఇచ్చేవాణ్ణి కాదు. ఎవరైనా అడిగితే ఎండ కళ్ళల్లో పడుతుందని బొంకేవాణ్ణి. అసలు సంగతి, అతనిది పాలెం, మాది ఊరు. నోటితో అనకపోయినా నా కాలికి ఆ తేడా బాగా తెలుసు.

ఆ రోజు ఆట ముగియబోతోంది. గోల్స్ సమానం. బండి దిగి నిలబడి చూస్తున్న నాయన ముఖంలో కొంచెం మెత్తదనం కూడా కనిపించింది. బంతి కోసం నేనూ, దొరగారి ట్రాలీ మనిషీ ఒకేసారి ఉరికాం. నేనే ముందు అందుకున్నాను. ఎడమవైపు ఖాళీగా ఉన్న గాలి, "అన్నా, ఇటియ్యి!" అని అరిచాడు. అదే క్షణంలో ఇంకోవైపు నుంచి, "బావా, ఇటియ్యి!"

తల ఎత్తితే దొర. ఎర్రటి ముఖం, చాచిన చేతులు. అంతవరకు ఏ తెల్లవాడూ నావంక చూసిన పాపాన పోలేదు. ఈయన ఏకంగా వరస కలిపాడు. ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్ళచెంబు అందించినంత మర్యాదగా బంతిని ఆయన కాళ్ళ దగ్గరకు నెట్టాను. ఆయన గోలు కొట్టాడు. కొట్టి, నవ్వుతూ వచ్చి, "థాంక్యూ, బావా" అని చేయి కలిపాడు. నేను పళ్ళికిలించి, "నో మెన్షన్, సార్" అన్నాను. ఓడిపోయిన సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది.

నాయన తిట్టలేదు. జట్టంతా వింటుండగా తాపీగా, "దొర నిన్నేమని పిలిచినాడు రా?" అన్నాడు.

"బావా అన్నాడు నాయనా."

"చెల్లెలుందేమో కనుక్కోకపోయినావా? సంబంధం మాట్లాడి వస్తుంటి."

అందరూ విరగబడి నవ్వారు. గాలి మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "దొర నిన్ను పిలవలేదన్నా. నీ ఎనక ఉండే ట్రాలీ మనిషిని పిలిచినాడు. నిన్ను పిలిచింది నేను."

సిగ్గుతో చచ్చిపోయాను. నాయన ఎందుకో ఆట మాన్పించలేదు. బండిలో, "ఆట మంచిదే. నీకే చేతకాలే" అని ఊరుకున్నాడు.

మరుసటి ఏటికి దొరకు బదిలీ అయింది. ఆయన చోట గిద్దలూరు వాళ్ళు గాలిని పిలుచుకుపోయారు. నేను పొమ్మనలేదు, ఉండమననూ లేదు. ఆ ఏడు వాళ్ళతో ఆడినప్పుడు అతను నా పక్కనుంచే దూసుకుపోతూ, "అన్నా, ఇటియ్యి!" అని అరిచాడు. నేను గబుక్కున ఆగి, కాళ్ళ దగ్గర బంతి కోసం వెతుక్కున్నాను. ఆ పిలుపు నాకు కాదు, నా దగ్గర బంతీ లేదు. ఉంటే మాత్రం, జట్టంతా కలిసి నన్ను తన్నినా సరే, అతనికే ఇచ్చేసి ఉండేవాణ్ణి.