బీరువాలో మోగిన ఓటీపీలు

మొన్న మా షాపులో ఏం జరిగిందో చెప్తా, టీ తాగుతా వినండి. నవ్వితే మాత్రం ఊరుకోను. ఇప్పటికే ఊరంతా నవ్వేసింది!

నేను ధర్మవరంలో పట్టుచీరల షోరూంలో కంప్యూటర్లు చూసుకుంటా కదా. మాకు హిందూపురంలో చిన్న బ్రాంచి ఉండాది. ఆడ కంప్యూటర్లు చూసుకునేది హారిక అని ఒక పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. రెండు షాపులకీ ఒకటే లాగిన్ సాఫ్ట్‌వేర్. షాపులో కూర్చున్నోళ్లకి పాస్‌వర్డ్ చాలు. బయట నుంచి రావాలంటే ఫోన్‌కి వచ్చే ఓటీపీ కూడా కొట్టాల. ఆ పాలసీ పెట్టింది నేనే, ఎంత గర్వమో నాకు!

ఈ పిల్ల ఏం కనిపెట్టిందో తెలుసా? బయట నుంచి పాస్‌వర్డ్ తప్పు కొట్టి, హెల్ప్ పేజీ తెరిచి, బ్యాక్ నొక్కితే చాలంట. ఓటీపీ అడక్కుండానే సీదా లోపలికి! సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా "నిజమే, మా దాంట్లోనే లోపం, సరిచేసే ప్యాచ్ పంపిస్తాం" అనేసినారు. మా ఓనర్ మీటింగ్ పెట్టి, అందరి ముందరా ఆ పిల్ల చేతిలో మెరూన్ పట్టుచీర పెట్టినాడు. ఆ చీర మీద నాకు దసరా నుంచి కన్ను! చప్పట్లు కొడతానే ఉన్నా, కడుపులో ఒకటే మంట. పైగా ఫోటో తీసింది కూడా నేనే.

ప్యాచ్ వచ్చేదాకా ఎందుకు ఆగాల? నేనే ఆ కంత మూసేస్తే నాకూ ఒక చీర రాదా! మర్నాడు పొద్దున్నే కూర్చుని రూలు పెట్టినా. ఎవరైనా సరే, యాడ నుంచైనా సరే, ఓటీపీ లేనిదే లోపలికి రాకూడదు. హెల్ప్ పేజీ కూడా ఎత్తేసినా. సేవ్ కొట్టినా. అంతే, అందరినీ బయటికి తోసేసింది. నన్ను కూడా!

"ఓటీపీ మీ ఫోన్‌కి పంపబడింది" అంటాండాది స్క్రీను.

ఫోన్ యాడుండాది? బీరువాలో! కొత్త డిజైన్లు ఫోటో తీసి పక్క షాపుకి పంపిస్తారని మా షోరూంలో పొద్దున్నే అందరి ఫోన్లూ బీరువాలో పెట్టి బీగం వేస్తారు. బీగం చెవి ఓనర్ మొలతాడుకి ఉంటుంది. ఓనరేమో పెనుకొండలో చుట్టాల పెళ్లిలో ఉన్నాడు. ల్యాండ్‌లైన్ నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తడే! బిల్లింగ్ వాళ్లు లాగిన్ కొట్టినప్పుడల్లా బీరువాలో టింగ్, టింగ్.

బుక్కపట్నం నుంచి పెళ్లిచీరలకి వచ్చిన అవ్వ కౌంటర్ ముందర కూర్చుని, "ఏమ్మా, బిల్లు వేస్తావా, లేకపోతే ముహూర్తం ఈడనే పెట్టుకోమంటావా?" అనింది.

ఆ పిల్ల కనిపెట్టిన దొంగదారి గుర్తొచ్చింది. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా, హెల్ప్ పేజీ... అయ్యో, నేనే ఎత్తేస్తిని కదా! పుట్టి బుద్ధెరిగినాక పక్కాగా చేసిన పని ఏదన్నా ఉందంటే అదొక్కటే.

ఇంక వేరే దారి లేదు. హిందూపురానికి ఫోన్ చేసినా.

"హారికమ్మా, బాగుండావా?"

"ఏందక్కా, ఎప్పుడూ లేనిది!"

విషయం చెప్పినా. నవ్వు ఆపుకుంటాండాదని నాకు తెలుస్తానే ఉండాది. ఆ బ్రాంచిలో ఫోన్లకి బీరువా లేదు. ఆ పిల్లకీ నా మాదిరే అడ్మిన్ హక్కులు ఉండాయి. ఇవ్వద్దని అప్పుడు గొడవ చేసింది ఎవరు? నేనే! తన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టి, నా రూలు తీసేసి, "అయిపోయిందక్కా, ఇప్పుడు చూడు" అనింది.

మర్నాడు ఓనర్ మళ్లీ మీటింగ్ పెట్టినాడు. హారికకి ఇంకో చీర, ఈసారి నెమలికంఠం రంగు! తర్వాత నా పక్క తిరిగి, "సుజాతా, నువ్వూ ముందరికి రామ్మా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. కొంగు సర్దుకొని, నవ్వు మొహంతో పోయి చెయ్యి చాపినా.

మొలతాడు నుంచి బీగం చెవి విప్పి నా చేతిలో పెట్టినాడు. "ఇంక ఈ బీరువా నీ బాధ్యత."

నిన్న హారిక ఏదో పని మీద ధర్మవరం వచ్చింది, ఆ మెరూన్ చీరే కట్టుకొని! వాకిట్లోనే ఫోన్ నా చేతికిచ్చి, "భద్రం అక్కా" అనింది. చీర ఎంత బాగుండాదో! ఆ మాట చచ్చినా చెప్పలేదు. ఫోన్ తీసుకొని బీరువాలో పెట్టి, బీగం వేసి, రెండుసార్లు గుంజి మరీ చూసినా. అడ్మిన్ అంటే అడ్మినే కదప్పా!