నాకు ఒక్క వాక్యం, వాడికి రెండు పేజీలు

మొన్న అరకు బజారులో కాఫీ పొడి అమ్మే కొట్టు ముందు కూర్చున్నాను. కొట్టు నడిపే అమ్మాయి తన వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని ఫోనులో ఏదో యంత్రాన్ని అడగడమూ, అది తెలుగులోనే ముందు ఇది చూడండి, ఆ తరువాత అది చూడండి అని విసుగు లేకుండా చెప్పడమూ, నా చేతిలో కాఫీ చల్లారేలోగా ఆ సైటు లేచి కూర్చోవడమూ కళ్ళారా చూశాను. పక్కనున్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం కడుపు మండింది. అసూయేనండీ, మీ దగ్గర దాపరికం ఎందుకు? అంతపాటి సాయం కోసం ఒకప్పుడు నేను పడిన పాట్లు తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు భగ్గుమంటుంది.

ఎనిమిదో తరగతితో బడి మానేసి, మైదానం నుంచి ఘాటీ ఎక్కి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నవాణ్ణి నేను. రెండువేల సంవత్సరం దాటాక, టెలిఫోను లైను మీద ఇంటర్నెట్టు మా కొండలెక్కిన తొలి రోజుల్లో, పాత కంప్యూటరు ఒకటి కొని, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒక పక్కా నిఘంటువు ఒక పక్కా పెట్టుకుని, వారానికి ఒక పేజీ చొప్పున నమిలి మింగి, చివరికి ఆ కంప్యూటరులోంచే, మా ఇంట్లోంచే, ఒక వెబ్‌సైటు నడిపాను. మైదానంలో పిప్పళ్ళు, పసుపు, రాజ్‌మా ఏ ధర పలుకుతున్నాయో సంతకు ముందురోజు అందులో పెట్టేవాణ్ణి. అవే ధరలు కొట్టు బయట పలక మీద కూడా సుద్దతో రాసేవాణ్ణి. జి.మాడుగుల దగ్గర ఒక పల్లెలో పనిచేసే మాష్టారు మండల కేంద్రంలో ఇంటర్నెట్టు సెంటరుకు పోయి చూసి, ఊరందరికీ చదివి చెప్పేవారు. తోటి వ్యాపారులు నన్ను తిట్టిపోశారు. తిట్టనీండి, నా మాట మీద ఒక ఊరు సరుకు అమ్ముకుంటోందన్న గర్వం ముందు ఆ తిట్లు నాకు ఆనలేదు.

ఆ గర్వానికి వానాకాలంలో గండి పడింది. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, సైటు తెరుచుకోవడం లేదని మాష్టారు ఫోను చేసేవారు. నా కంప్యూటరులో చూస్తే దివ్యంగా కనిపించేది. తప్పు మీ సెంటరుదేనని నేను మాష్టారి మీద ఎగిరేవాణ్ణి. ఒకసారి ఆయన దగ్గరనుంచి ఆ ఊరి రైతు ఒకాయన ఫోను అందుకుని, "సావుకారూ, నీ ఇంట్లో ఎలుగుతాదేమో గానీ మా ఊర్లో సీకటేగదా. దళారీ ఏటంటే అదే ధర అయిపోనాది," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు. రెండు సంతలు పోయాయి, ఇంకో సంత పోతే ఆ ఊరు నన్ను మరిచిపోతుంది.

ఇటువంటి చిక్కులు తీర్చడానికి ఇంటర్నెట్టులో ఒక బృందం ఉండేది. ఏ దేశాలవాళ్ళో, ఊరికే సాయం చేసేవాళ్ళు. వాళ్ళకు రాశాను. ఎలా రాశాననుకున్నారు? సంతలో పెరిగిన బుద్ధి నాది. మా వృత్తిలో అవసరం పైకి కనిపిస్తే చచ్చామన్నమాటే. పిప్పళ్ళ బుట్ట కావాలంటే దాన్ని చూడనట్టు చూసి, పక్కనున్న చీపుళ్ళ ధర అడిగి, పోతూ పోతూ పోనీ ఇదెంత అనాలి. సరిగ్గా అలాగే, నా వెబ్‌సైటు చక్కగా నడుస్తోంది, అయినా మీకేమైనా లోపం కనిపిస్తే చెప్పవచ్చును అని రాశాను. బాగా నడుస్తుంటే ఇక అడిగేదేమిటని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఎంత అహంకారం! రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక్కడ మా బావమరిది సంగతి చెప్పాలి. నా భార్యకు తమ్ముడు, విశాఖలో డిప్లొమా చదివినవాడు. మా వీధి చివరే కాఫీ మొక్కల నర్సరీ పెట్టి, నన్ను చూసి తనూ ఇంట్లోంచే సైటు నడిపేవాడు. వాడికీ నాలాంటి చిక్కే వచ్చింది. వాడూ ఆ బృందానికే రాశాడు. వాడికి రెండు పేజీల జవాబు! మీ ఊళ్ళో కరెంటు ఎన్నిసార్లు పోతుందని కుశలప్రశ్న కూడానట! ఆ కాగితాలు అచ్చు తీసి దేవుడి పటంలా గోడకు అంటించుకున్నాడు. నా భార్య ఊరుకోదు కదా, "మా తమ్ముడ్నడిగితే మీ మీసం రాలిపోద్దేటి?" అంది. రాలిపోతుందనే నా నమ్మకం.

అడగలేదు. వాడు మొక్కలకు నీళ్ళు పెడుతున్న వేళ, అక్క కూర పంపిందన్న వంకతో లోపలికి వెళ్ళి, ఆ రెండు పేజీలూ నోటుబుక్కులోకి ఎక్కించుకుని వచ్చాను. విషయం ఏమిటంటే, కరెంటు పోయి వస్తే ఇంటర్నెట్టులో మా కంప్యూటరుకు ఉండే నంబరు మారిపోతుందట. ఇల్లు మారినవాడికి పాత చిరునామాకు ఉత్తరం రాసినట్టు, బయటివాళ్ళు వచ్చి ఖాళీ గుమ్మం ముందు నిలబడుతున్నారన్నమాట. మారిన నంబరును ఎప్పటికప్పుడు పట్టి చెప్పే సేవ ఒకటుంది, అక్కడ ఒక పేరు తీసుకుని దాన్ని మీ సైటుకు తగిలించండి అని రాశాడు ఆ బృందంలోని మహానుభావుడెవరో. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించడమే నాకు తెలిసిన చదువు. ఆ కాగితంలో ఏముంటే అది అక్షరం పొల్లుపోకుండా కొట్టాను.

ఆ వారమే మాష్టారు ఫోను చేశారు. ధరలు అందాయి, పిప్పళ్ళు మంచి ధరకు పోయాయి, ఊరంతా మిమ్మల్నే తలుచుకుంటోంది అన్నారు. నేను ఉబ్బి తబ్బిబ్బవుతుండగా, "పక్కన ఆ కాఫీ మొక్కల బొమ్మలు కూడా భలే ఉన్నాయండీ," అన్నారు. నా సైటులో మొక్కలెక్కడివి?

సాయంత్రం బావమరిది వచ్చాడు. "బావా, నీ సైటు పేరు కొడితే నా నర్సరీ తెరుచుకుంటందేటి? నా పేరు నీ సైటుకి తగిలించేసినావేటి?" అని పగలబడి నవ్వాడు. ఆ కాగితంలో ఉన్న పేరు వాడిది. నేను తీసుకోవలసింది నా పేరు. జి.మాడుగుల నుంచి ఎవరో తన సైటులోకి వచ్చి ధరల కోసం వెతుక్కుని పోతున్నారని కనిపెట్టి, వాడే మా కొట్టు పలక మీది ధరలు చూసి రాసుకుని, మొక్కల పక్కన పెట్టాడట. పైన, ఇవి మా బావగారి ధరలు అని కూడా రాశాడట. నేను వాడి గోడ మీదది దొంగచాటుగా దించుకుంటే, వాడు నా పలక మీదది పట్టపగలు దించుకున్నాడు. చేసిన మేలు చెప్పుకోవడానికి కూడా రాలేదు వెధవ, నన్ను ఏడిపించడానికి వచ్చాడు. ఆ క్షణంలో వాడి మీద పుట్టినంత అసూయ నాకు జన్మలో ఎవరిమీదా పుట్టలేదు. ఇంగ్లీషు వాడిదే, జవాబు వాడిదే, ఆఖరికి మంచితనమూ వాడిదేనా!

నా భార్య టీ గ్లాసులు తెచ్చి, "ఇప్పుడైనా సెప్పండి, ఏటి సేసినారో," అంది. చెప్పాను. నేను మాష్టారి మీద అరిచినదీ, బృందానికి అబద్ధం రాసినదీ, కూర గిన్నె నాటకమూ, అన్నీ. వాడు నవ్వుతూనే నా కంప్యూటరు ముందు కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు, నా పేరు మీద, ఆ బృందానికి రాశాడు. మర్నాటికి జవాబు వచ్చింది. మొదటి మాట నా పేరే. రెండున్నర పేజీలు. వాడి దానికంటే అర పేజీ ఎక్కువని కొలిచి చూపించాను.

తరువాతి సంతకు నా సైటు నా పేరుతోనే జి.మాడుగులలో తెరుచుకుంది. కొన్నేళ్ళు నడిచింది కూడా. ఇప్పుడు ఆ పల్లెలో ధర ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటున్నారు, నా సైటు సంగతి ఎవరికీ గుర్తులేదు. బావమరిది నర్సరీ ఎత్తేసి విజయనగరం దిగిపోయాడు. సాయం కావాలంటే ఎవరి గడపా తొక్కనక్కర్లేని రోజులు వచ్చాయి, సంతోషమే. తప్పు చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి ఉండాలి, వాడు నవ్వాలి, మనం పళ్ళు నూరుకోవాలి, అయినా వాడే మన తరఫున అడిగిపెట్టాలి. అంత అవస్థ ఇప్పుడెవరికీ లేదు. అసూయపడదామన్నా, వీధి చివర ఎవరూ లేరు.