నేను విప్పని మూడు కళ్ల బొమ్మ

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో వీడియో చూస్తూ ఊలుతో ఏదో బొమ్మ అల్లుతూ, ఒక్క కుట్టు లెక్క తప్పిందని నాలుగు వరసలు సర్రున లాగేసింది. అంతదాకా చక్కగా వస్తున్న పొట్ట కాస్తా ఊలు కుప్పయి ఒళ్లో పడింది. రవ్వంత వంకరపోతే కొంప మునిగిందా అని గట్టిగానే కసిరాను. పిల్ల బిత్తరపోయింది. పాపం, దాని తప్పేమీ లేదు, అల్లినది విప్పుతుంటే చూసి ఊరుకోవడం ఈ వయసులోనూ నా వల్ల కాదు.

మా అమ్మ నరసాపురం వైపు నుంచి కంకిపాడు దగ్గరి మా ఊరికి కోడలిగా వస్తూ లేసు అల్లికను వెంట తెచ్చుకుంది. మీ ఇళ్లలో ఎలా ఉండేదో గానీ మా ఇంట్లో రేడియో మీదా, ట్రే మీదా, కుర్చీల వీపుల మీదా, ఆఖరికి మంచినీళ్ల బిందె మీద కూడా ఆవిడ చేతి లేసే ఉండేది. అమ్మకు రెండు కట్టుబాట్లు. నమూనా కాగితం మీద రాయకూడదు, అల్లిన ముక్క చేతికిస్తే కంటితో లెక్కపెట్టుకుని నేర్చుకోవాలి. ఇక గుండ్రటి లేసు బల్ల మీద పరిస్తే ఎక్కడా లేవకుండా పడుకోవాలి. వరస వరసకీ పెంచాల్సిన కుట్లు పెంచక అంచు పైకి లేచిందంటే చాలు, గిన్నె లేచిందే, విప్పు అనేది. అలా ఎన్ని సాయంత్రాలు గుడ్లనీరు కుక్కుకుంటూ విప్పానో చెప్పలేను.

పెళ్లయి భవానీపురంలో కాపురం పెట్టి, నేను స్కూల్లో లెక్కలు చెబుతున్న రోజుల్లో ఎదురింటివాళ్లు టీవీకి తగిలించే గేమ్ కొన్నారు. వేసవి సెలవులేమో, వీధిలో పిల్లలంతా అక్కడే. ఆ ఆటలో మూడు కళ్లతో, పొట్టి తోకతో, ఆకుపచ్చగా గుండ్రంగా ఒక జంతువు నీళ్లలోంచి పైకి తేలేది, కనబడగానే దాన్ని కాల్చెయ్యడమే ఆట. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మాత్రం కాల్చేది కాదు. అది ఏం చేసిందని కాల్చాలి అంటూ ప్రతిసారీ ఓడిపోయి, అందరూ నవ్వుతుంటే ఏడుస్తూ ఇంటికొచ్చేది. నాకు అలాంటి బొమ్మ చేసిపెట్టు, మనింట్లో దాన్నెవరూ కాల్చరు అంది.

సరేనని ఎదురింట్లో టీవీ ముందు కూర్చుని, తెర మీది చుక్కల్ని గ్రాఫు కాగితం గళ్లలోకి ఎక్కించాను. ఆ లెక్కన అల్లితే ఏమొచ్చిందనుకున్నారు, మూడు కళ్లున్న ట్రే కవరు వచ్చింది. చదునుగా, బుద్ధిగా, అమ్మ నేర్పినట్టే. మళ్లీ అల్లాను, మళ్లీ చదునే. వారం తిరిగాక గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు, నాకు కావలసింది అమ్మ తప్పన్న ఆ గిన్నే అని. కుట్లు పెంచడం ఆపేశాను. అంచు లేచింది, లేవనిచ్చాను. సగం దాటాక రెండేసి కుట్లు ఒకటిగా కలుపుకుంటూ వస్తే మూతి ముడుచుకుంది, లోపల బూరుగు దూది కూరితే పొట్ట నిండింది. ఎక్కడ ఎన్ని కుట్లో వరసవారీగా నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

సరిగ్గా రెండోది అల్లుతున్నప్పుడు అమ్మ ఊరి నుంచి వచ్చింది. చేతిలో పనీ, పక్కన పుస్తకమూ చూసింది. "గిన్నె లేచింది, కనపడట్లేదటే నీకు? విప్పెయ్."

"విప్పనమ్మా," అన్నాను. ముప్పై అయిదేళ్లొచ్చి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక మొదటిసారి ఆ మాట అన్నాను. అల్లుతున్న సూది మాత్రం ఆపలేదు.

అమ్మ కేకలెయ్యలేదు. "అయితే నా దగ్గర నేర్చుకున్నానని ఎక్కడా చెప్పకు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆవిడ చెయ్యి కాకపోతే నా వేళ్లకు సూది పట్టుకోవడమే తెలియదు కదా. నాకూ మొండితనం వచ్చింది. ఆ పుస్తకం మొదటి పేజీలో, ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్న అల్లిక అని పెద్దక్షరాలతో రాసి, ఆవిడకు కనబడేలా బల్ల మీదే వదిలాను. చదివే ఉంటుంది. ఆ పుస్తకం చూసుకుని మా వీధిలో ఎందరు అల్లుకున్నారో.

బొమ్మను కిటికీ గట్టు మీద కూర్చోబెట్టింది మా అమ్మాయి. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మ దాని మొహం బయటివైపు తిప్పేసేది. ఆవిడ స్నానానికి వెళ్లగానే నేను ఇటు తిప్పేదాన్ని. వచ్చి మళ్లీ తిప్పేది. దాని గురించి ఒక్క మాటైనా అనుకోకుండా ఏళ్ల తరబడి తల్లీకూతుళ్లం అదే పని చేశాం. ఆవిడ తగ్గలేదు, నేనూ తగ్గలేదు, ఇప్పటికీ నాదే సరైన పని అంటాను.

ఈ కాలం పిల్లలకు నమూనా కావాలంటే ఫోన్‌లో వందలు దొరుకుతాయి, ఒకరు రాసినది ఊళ్లూ దేశాలూ దాటి అల్లుకుంటున్నారు, గిన్నె లేచిందని కోప్పడేవాళ్లు లేరు. సంతోషమే. మా అమ్మ పోయి చాలాకాలమైంది. దూది చెదిరి పొట్ట ఒకవైపుకు ఒరిగినా ఆ బొమ్మ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. పొద్దున్నే లేచి చూస్తే ఎప్పుడూ నావైపే తిరిగి ఉంటుంది.