తీసేయని గుర్తు

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ‘ఒకవేళ’ అని పిలుస్తారు. టీ చెప్పినా అంతే: “ఒకవేళ పాలు తాజావైతే తీసుకురా, లేకపోతే వద్దు.” రేకులు వంచే ప్రెస్సులకు ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ ఫైలు పదకొండేళ్లుగా అతని చేతిలోనే ఉంది. ఏ షరతు కుదిరితే ప్రోగ్రాంలో ఏ భాగం చేరాలో, ఏది చేరకూడదో అందులో రాస్తాడు. ఇంకెవరైనా ఆ ఫైలు జోలికొస్తే ఒంటికాలి మీద లేస్తాడు. తనంతటి వాడు లేడని గర్వం, దాచడమెందుకు.

ప్రెస్సు ముందు గార్డు తలుపు ఉంటుంది. అది తెరిస్తే యంత్రం ఆగిపోవాలి. తలుపు తెరిచుందా అని చూసే తనిఖీ ప్రోగ్రాంలోనే ఉంటుంది. పరీక్షల కోసం ఆ తనిఖీ వద్దని ఫైల్లో ఒక గుర్తు పెట్టాడు. పరీక్షలయ్యాక దాని విలువ ‘ఫాల్స్’, అంటే ‘కాదు’ అని మార్చాడే గానీ గుర్తు తీసేయలేదు. ఫైలు చూసి ప్రోగ్రాం కూర్చే ఆ పాత సాఫ్ట్‌వేర్ విలువ చదవదు, గుర్తు ఉందా లేదా అన్నదే చూస్తుంది. మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి ఇది! ఒక్కసారి తలుపు తెరిచి చూసినా తెలిసిపోయేది. నేను రాశాక చూడ్డమేంటి అనుకున్నాడు. తనిఖీ లేని ప్రోగ్రాం ఆరు ప్రెస్సుల్లోకీ వెళ్లింది.

మర్నాడు పొద్దున మొదటి ప్రెస్సు అతని బావ చేతి మీద పడింది. ఇరుక్కున్న రేకు తీద్దామని తలుపు తెరిచి చెయ్యి పెట్టాడు బావ. మణికట్టు దాకా నుజ్జయింది. నెత్తురు గోడ మీదికి చిమ్మింది.

“వాడి అజాగ్రత్తే” అని తేల్చేసి, ఫోర్మన్ మిగతా ప్రెస్సులు నడిపించమన్నాడు. తలుపు తెరిచి ఉండగానే ప్రెస్సు పడిందని విని అతను ఫైలు తెరిచి చూసుకున్నాడు. గుర్తు అలాగే ఉంది.

ప్రథమ చికిత్స గదిలో బావకు గుడ్డ చుడుతున్నాడు బావ తమ్ముడు. గుమ్మంలోనే చెప్పేశాడు అతను.

“తప్పు బావది కాదు, నాది. తనిఖీ ప్రోగ్రాంలోకి రాలేదు.”

తమ్ముడు కాలర్ పట్టి అతన్ని గోడకేసి బాదాడు. “మా అన్న చెయ్యి తెచ్చిస్తావురా?” ఒక్క గుద్దుకి పన్ను ఊడింది. కింద పడేసి డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకా కొడితే బాగుండుననిపించింది. ఆ దెబ్బలే హాయిగా ఉన్నాయి.

మంచం మీంచి బావ గొంతు పీలగా వచ్చింది. “ఆగరా... ఒరేయ్ బామ్మర్దీ, ఆ ప్రోగ్రాం నా ప్రెస్సులో ఒక్కదాన్లోనే ఉందా?”

తన్నబోయిన కాలు ఆగిపోయింది.

నెత్తురు ఉమ్ముకుంటూ లేచి పరిగెత్తాడు అతను. రెండో ప్రెస్సు మెయిన్ స్విచ్ లాగేశాడు. అడ్డొచ్చిన ఫోర్మన్ని కింద పడదోసి మూడోది ఆపాడు. తర్వాత నాలుగు, ఐదు.

ఆరోది షెడ్డు చివర ఉంది. దాని మీద పనిచేసే ఆమె అప్పటికే అరుస్తోంది.